రెండు వేళ్ళ చప్పుడు

ఇంట్లో, వంటింటి కిటికీ పక్కన
సోమవారం ఉదయం

తమ్ముడికి,

ఇద్దరం బాగున్నామని రాద్దామని కూర్చున్నాను. ఒకరం బాగున్నాం.

నువ్వు వచ్చి వెళ్ళిన శుక్రవారం నాకు మాటిమాటికీ గుర్తొస్తోంది. విశేషం ఏమీ లేని ఉదయం అది. అయిదున్నరకు లేచాను. నువ్వు హాల్లో సోఫా మీద కాళ్ళు బయటికి వేలాడేసి పడుకున్నావు. పేపరు వచ్చి చెప్పుల స్టాండు వెనక పడింది. నువ్వే లేచి వంగి తీశావు. "కళ్ళద్దాలు మర్చిపోయి వచ్చానక్కా, నీవి ఓసారి ఇవ్వు" అన్నావు. నావి పెట్టుకుని రెండు హెడ్డింగులు చదివి, "నీ కళ్ళతో చూస్తే లోకం ఇంకా అధ్వాన్నంగా ఉందే" అని తిరిగి ఇచ్చేశావు. నవ్వుకుంటూ కాఫీ కలిపాను.

మన చిన్నక్క కూతురు పిచ్చుక అప్పటికే భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ తెరిచి కూర్చుంది. నువ్వు పక్క కుర్చీ లాక్కోబోతే, "మామయ్యా, ఇటు రాకు. మీటింగులో ఎవరైనా చూస్తే మనం చుట్టాలమని తెలిసిపోతుంది" అంది. "నీ ముక్కు చూసిన ఎవరికైనా తెలుస్తుందిలేవే" అన్నావు. ఏడింటికి వంటింటి కుళాయి కట్టేసినా ఆగకుండా కారడం మొదలుపెట్టింది. కింద బకెట్ పెట్టి ప్లంబర్‌కి ఫోన్ చేశాను. పిచ్చుక ఉతికిన బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళింది. నేను చిన్న గదిలో ప్రార్థనకు కూర్చున్నాను. ఇవతలికి వచ్చేసరికి నువ్వు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కిటికీ పక్కన నిలబడి ఉన్నావు. నీ రెండో కాఫీ అలాగే చల్లారిపోయింది.

అంతే. ఆ పొద్దునే మీరిద్దరూ పనిచేసే కంపెనీలో గండం వచ్చిందని మధ్యాహ్నానికి గానీ నాకు తెలియలేదు. ల్యాబుల్లో చేసిన రక్తపరీక్షల రిపోర్టులు ఆసుపత్రులకు చేర్చే కంపెనీ అని తెలుసు. ఆ రోజు రిపోర్టులు తుడిచిపెట్టుకుపోయాయని, తన కంప్యూటర్ నుంచే పోయాయని పిచ్చుక చెప్పింది. ఏదో పరీక్ష కోసం టైపు చేసి పెట్టుకున్న 'తుడిచెయ్' అనే లైనుని పొరపాటున అసలు రిపోర్టుల మీద నొక్కేశానేమో అంటుంది. 'ఏమో' అనే అంటుంది. నొక్కినట్టు గుర్తులేదట.

ఇది జరిగి ఆరు వారాలైంది. ఇప్పుడు ఆఫీసుకు వెళ్తూ తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ పైకొచ్చి తాళం లాగి చూస్తుంది. గ్యాస్ కట్టేసి మూడుసార్లు వేలు పెట్టి చూస్తుంది. నిన్న నా చేత కూడా తలుపు తోయించింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల.

నీకు పెద్ద పదవి రాబోతోందని చిన్నక్క చెప్పింది. సంతోషం.

ఒక్క మాట అడుగుతాను. ఆ రోజు మా ఇంట్లోంచి నువ్వు ఎన్ని గంటలకు బయల్దేరావు?

అక్క


ఆఫీసు, ఆరో అంతస్తు
బుధవారం

అక్కకి,

నీ ఉత్తరం ఆఫీసుకు తెప్పించుకోవడం మంచిదైంది. ఇంటికొస్తే మీ మరదలు ముందు చదివి నాకు కథ చెప్తుంది. ఈ కాలంలో కాగితం మీద ఉత్తరం రాసేది నువ్వు, చదివేది నేను. మా టీమ్‌లో ఒకడు కవరు చూసి "సార్, కోర్టు నోటీసా?" అని అడిగాడు.

నువ్వడిగిన టైము ఏమంత పెద్ద విషయం? ఏడుంపావుకల్లా కారెక్కేశాననుకుంటా. గండం ఏడున్నరకి కదా మొదలైంది. దార్లో ఉండగానే ఫోన్లు వచ్చాయి.

నేను చేసే పని నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నీ టైపు ఇన్‌స్టిట్యూట్ గుర్తుందా? కాగితం మీద పడే అక్షరం అందరికీ కనిపించేది. మెషీను పొట్టలో ఉండే తీగలూ పళ్ళచక్రాలూ ఎవరికీ కనపడేవి కావు. నెలకోసారి నూనె మరకల చొక్కాతో వచ్చి, అన్నీ విప్పి సర్ది వెళ్ళే మెకానిక్ ఉండేవాడే, నేను వాణ్ణి. బ్యాకెండ్ అంటే అదే. అంతా సవ్యంగా ఉన్నన్నాళ్ళూ మేం ఉన్నామనే ఎవరికీ తెలియదు. పదిహేనేళ్ళు చేతులు నల్లగా చేసుకున్నాక, ఆ మెకానిక్‌ని తీసుకెళ్ళి నలభైమంది మెకానిక్‌ల మీద పెద్దగా కూర్చోబెట్టారు. మేనేజర్నయిన రోజే చేతిలో స్క్రూడ్రైవర్ లాగేసుకున్నారు. ఇప్పుడు ఆ డేటా నేను చూడొచ్చు గానీ ముట్టుకోలేను. రూలు. కాబట్టి నేను ఆ పొద్దున ఎక్కడున్నా ఒకటే.

పిచ్చుక బెంగ పెట్టుకోవద్దని చెప్పు. మా దగ్గర ఒక మంచి పద్ధతి ఉంది. ఇలాంటిది జరిగాక రిపోర్టు రాస్తాం. అందులో ఎవరి పేరూ ఉండదు. 'ఒక ఇంజినీరు' అని మాత్రమే ఉంటుంది. ఎవరు చేశారన్నది కాదు, ఎలా జరగనిచ్చామన్నదే ముఖ్యం. ఈసారి ఆ రిపోర్టు నేనే రాశాను. పదకొండు పేజీలు. పైవాళ్ళు దాన్ని ఇప్పుడు అన్ని టీములకీ పాఠంలా చదివిస్తున్నారు.

అన్నట్టు, పిచ్చుక ఆ రోజు గురించి నీతో ఇంకేమైనా అందా? ఊరికే అడుగుతున్నా.

తమ్ముడు


ఇంట్లో, అదే కిటికీ
ఆదివారం, ప్రార్థన అయ్యాక

తమ్ముడికి,

ప్లంబర్ వచ్చింది ఏడూముప్పావుకి. సింకు కింద చీకటిగా ఉందంటే నీ ఫోన్ లైటు వేసి పట్టుకున్నది నువ్వే. అతను లేవబోయి సింకుకి తల కొట్టుకుంటే "సింకుకేం కాలేదు కదా" అన్నావు. అతను కూడా నవ్వాడు. నువ్వు వెళ్ళింది ఎనిమిదిన్నర దాటాక.

మర్చిపోయి ఉంటావు. నేను మర్చిపోలేదు.

పేర్లు లేని రిపోర్టు గురించి చదివి బాగుందనుకున్నాను. తర్వాత పిచ్చుక బల్ల సర్దుతుంటే ఒక కాగితం కనిపించింది. అరవై రోజుల్లో పని మెరుగుపరుచుకోవాలి, లేకపోతే ఉద్యోగం ఉండదు అని అందులో ఉంది. దాని మీద మాత్రం పేరుంది. ఇంటిపేరుతో సహా. కింద రెండు సంతకాలు. ఒకటి టీమ్ లీడ్‌ది. రెండోది నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. హాస్టల్లో ఉన్నప్పుడు పాకెట్ మనీ కోసం నా సంతకం దొంగగా పెట్టడం నేర్చుకుని, ఆ వంపే నీదిగా ఉంచేసుకున్నావు.

గడువులో నెలన్నర కావస్తోంది.

పిచ్చుక నీ మీద ఒక్క మాట అనలేదు. పైగా గొప్పగా చెప్తుంది. "మామయ్యే లేకపోతే రెండు రోజులు పట్టేది పెద్దమ్మా. అందరూ ఏం పోయిందో తెలియక తలలు పట్టుకుంటే, మామయ్య ఫోన్లోనే ఫలానా పట్టిక, ఫలానా గంట నుంచి చూడండి అన్నాడట. మూడు గంటల నలభై నిమిషాల్లో తెచ్చేశారు. మా లీడ్ అయితే సార్‌కి దివ్యదృష్టి ఉందంటాడు" అంది.

ఏం పోయిందో వెతక్కుండా ఎలా తెలిసింది?

నిన్న కూరగాయలు తరుగుతూ ఆగిపోయి అడిగింది. "పెద్దమ్మా, మనిషికి తెలియకుండా మనిషి చేతులు పనిచేస్తాయా?" కత్తి తీసుకుని మిగతావి నేనే తరిగాను.

అక్క


ఆఫీసు
మంగళవారం

అక్కకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇన్‌స్టిట్యూట్‌లో తప్పులకు ఎర్ర సున్నాలు చుట్టేదానివి. ఆ అలవాటు పోలేదు.

సరే, ఎనిమిదిన్నరకే బయల్దేరాను. టైము తప్పు చెప్పాను. ఎందుకంటే నేను మీ ఇంట్లో ఉన్నట్టు ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెలియకూడదు. ఒకే విభాగంలో చుట్టాలుండటం మా దగ్గర కుదరదు. పిచ్చుకని తీసుకునేటప్పుడు నేను చుట్టరికం చెప్పలేదు. ఇంటర్వ్యూ నేను చేయలేదు, మార్కులు నేను వేయలేదు. తనకు తానే గెలిచింది. ఒక కాగితం మీద 'లేదు' అన్నచోట టిక్కు పెట్టానంతే. ఆ పొద్దున నేను అక్కడే ఉన్నానని బయటపడితే ముందు పోయేది దాని ఉద్యోగమే. ఆఫీసులో చెప్పే అబద్ధమే నీకు రాసే ఉత్తరంలో కూడా వచ్చేసింది.

ఏం పోయిందో ఎలా తెలిసిందని అడిగావు. ఇరవై మూడేళ్ళ అనుభవమక్కా. డాక్టరు నాడి పట్టుకుని చెప్పడా? ఇదీ అలాంటిదే.

గడువు కాగితం నేను తయారుచేసింది కాదు. లీడ్ చేశాడు. నా బల్ల మీదికొస్తే సంతకం పెట్టాను. పెట్టకపోతే ఈ అమ్మాయి మీద ఈయనకింత శ్రద్ధేమిటని గుచ్చిగుచ్చి అడిగేవాళ్ళు. నువ్వే చెప్పు, నేనేం చేయను?

ఒకటి ఆలోచించాను. పిచ్చుక ఆరోగ్యం బాగాలేనట్టుంది. ఈ గడువు పూర్తయ్యేదాకా ఉండి మాట పడేకంటే, తనంతట తాను రాజీనామా ఇచ్చేస్తే గౌరవంగా ఉంటుంది. మంచి సర్టిఫికెట్ ఇప్పిస్తాను. నా పాత స్నేహితుడి కంపెనీలో రెండు నెలల్లో చేర్పిస్తాను. ఈలోగా విశ్రాంతి తీసుకుంటుంది. తనే నొక్కాననుకుంటోంది కదా, దాన్ని కదిలించి లాభమేంటి? పుండు మానుతుంటే గోకకు.

చిన్నక్కకి ఇవేవీ చెప్పలేదనుకుంటాను. ఈ ప్రశ్నలన్నీ నీవేనా, ఎవరైనా అడిగిస్తున్నారా?

తమ్ముడు


ఇంట్లో
శుక్రవారం ఉదయం

తమ్ముడికి,

ఎవరూ అడిగించడం లేదు. చిన్నక్కకి చెప్పలేదు. పిచ్చుకకీ చెప్పలేదు. చెప్పాల్సినవాడివి నువ్వని ఇన్నాళ్ళూ ఆగాను. ఆగడం మంచి పనని అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. అందుకని నాకు తెలిసింది రాస్తున్నాను.

నువ్వు వెళ్ళిన తర్వాత, మేడ దిగి స్నానం, టిఫినూ ముగించుకున్న పిచ్చుక వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుంది. మొదటి మాటగా "పెద్దమ్మా, నా అక్షరాలు ఇంత పెద్దవి చేసిందెవరు? నీ కళ్ళద్దాలు పోయాయా?" అంది. నేను దాన్ని ముట్టుకోలేదన్నాను. "బట్టల బకెట్ తగిలిందేమో" అని మామూలుగా చేసుకుంది. తర్వాత పది నిమిషాలకే దానికి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అక్షరాల మాట అది మర్చిపోయింది. నేనూ మర్చిపోయాను, నీ మొదటి జవాబు వచ్చేదాకా.

ఆ రోజు ఈ ఇంట్లో కళ్ళద్దాలు లేక అవస్థపడ్డది నువ్వొక్కడివే.

ఇంకొకటి. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. ప్రార్థనలో కూర్చున్నప్పుడు నా చెవులు ప్రార్థనలో లేవు. ముందు బకెట్‌లో పడే నీటి చుక్కల మీద ఉన్నాయి. ఆ తర్వాత హాల్లో టైపు చప్పుడు మీదికి పోయాయి. ఇరవై రెండేళ్ళు ఒకే గదిలో పద్దెనిమిది మెషీన్లు మోగుతుంటే, తల ఎత్తకుండా ఎవరు తప్పు వేలు వాడుతున్నారో చెప్పినదాన్ని. పిచ్చుక పది వేళ్ళతో, వాన మొదలైనట్టు కొడుతుంది. నేను ఎన్నిసార్లు మందలించినా నువ్వు రెండు వేళ్ళు దాటలేదు. ఆఖరి బటను మేకు దిగ్గొట్టినట్టు కొడతావు.

ఆ ఉదయం రెండు వేళ్ళ చప్పుడు విన్నాను. ఆఖర్న మేకు దిగింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. కుర్చీ వెనక్కి జరిగింది. అంతే.

నీ లాప్‌టాప్ నీ బ్యాగులో ఉంది. బ్యాగు సోఫా కింద ఉంది. ఇల్లు ఊడుస్తూ నేనే జరిపాను.

ఇది నిజం కాకపోతే బాగుండునని రోజూ దేవుణ్ణి అడిగాను. నిజమేదో తెలియాలని ఒక్కరోజూ అడగలేదు. అది నా తప్పు. రెండు నెలలు ఆ పిల్ల తన చేతుల్ని తానే అనుమానించుకుంటుంటే, నేను పక్కనే కూర్చుని నిన్ను అనుమానిస్తూ ఊరుకున్నాను.

గడువు ఇంకా పన్నెండు రోజులే.

నేను అడగడం లేదు. నీకు నువ్వుగా చెప్పడానికి ఒక ఉత్తరం వదిలిపెడుతున్నాను.

అక్క


మా ఇల్లు, కారు పెట్టే షెడ్డులోంచి
శనివారం

అక్కా,

ఇంట్లో రాయలేక కార్లో కూర్చుని ఒడిలో పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. గీతలు వంకరపోతే ఏమీ అనుకోకు.

నేనే.

ఏడూ ఇరవైకి ఫోన్లో హెచ్చరికలు మొదలయ్యాయి. ల్యాబుల నుంచి రిపోర్టులు వస్తున్నాయి గానీ ఆసుపత్రులకు పోవడం లేదు. పాత చెత్త అడ్డం పడి వరస అంతా నిలిచిపోయింది. ఇలాంటివి వందసార్లు సరిచేశాను, కళ్ళు మూసుకుని చేసే పని. డ్యూటీలో ఉన్న కుర్రాడికి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. పిచ్చుకని మేడ మీద నుంచి పిలిస్తే సరిపోయేది. పిలవలేదు. ఎందుకు పిలవలేదో నీకు చెప్తాను, ఇంకెవరికీ చెప్పలేను. నా చేత్తో చేయాలనిపించింది. ఎనిమిదేళ్ళయింది నా చేత్తో ఒక్క పని చేసి. మీటింగుల్లో కూర్చుని, ఎవరెవరు ఎంత చేశారో పట్టికలు వేస్తున్నాను. ఎదురుగా బల్ల మీద పిచ్చుక మెషీను తెరిచి ఉంది, నా పేరుకు మూసేసిన తలుపులన్నీ దాని పేరు మీద తీసి ఉన్నాయి. ఆకలేసినవాడి ముందు కంచం పెట్టినట్టుంది.

అక్షరాలు కనపడలేదు. నీ కళ్ళద్దాలు అడుగుదామంటే నువ్వు ప్రార్థనలో ఉన్నావు. అక్షరాలు పెద్దవి చేశాను. ముందెప్పుడో పిచ్చుక వాడిన లైనొకటి పైకి తెచ్చి మార్చాను. 'నిన్నటి వరకే' అన్న షరతు దాని చివర ఉందనుకున్నాను. అక్షరాలు పెద్దవయ్యేసరికి లైను తోక తెర అంచు దాటిపోయింది. ఉందనుకున్న షరతు లేదు. కొట్టేశాను. పాతవాటితో పాటు ఆ రోజువీ పోయాయి.

నువ్వు లేచి వచ్చేదాకా ఆగి ఉంటే, కళ్ళద్దాలు పెట్టుకుని చూసి ఉంటే. ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు.

మూత వేసి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఏం పోయిందో నాకు తెలుసు కాబట్టే ఫోన్లో చెప్పగలిగాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతోనే డైరెక్టర్ పదవి మాట మొదలైంది. తిరిగిరాని రిపోర్టులు ముప్ఫై ఏడు. ఆ ముప్ఫై ఏడుగురు మళ్ళీ సూది గుచ్చించుకున్నారు. వాళ్ళలో ఒక ముసలాయనకి నరం దొరక్క నాలుగుచోట్ల పొడిచారని ఫిర్యాదు వచ్చింది. దానికి జవాబు కూడా నేనే రాశాను.

ఆ మధ్యాహ్నమే చెప్పేద్దామనుకున్నాను. ఈలోగా పిచ్చుక లీడ్‌కి ఫోన్ చేసి, తానే నొక్కి ఉంటానని ఏడ్చింది. తనే అన్నాక నేను చెప్పకుండా ఊరుకున్నాను.

అక్కా, నాకు వచ్చే ఏడు యాభై. ఈ లైన్లో పదవి లేని యాభై ఏళ్ళవాణ్ణి ఎవరూ తీసుకోరు. వచ్చే గురువారం పైవాళ్ళు కూర్చుని నా పేరు తేలుస్తారు. దాని తర్వాత నాలుగు నెలలు ఇవ్వు. అన్నీ నెమ్మదిగా సర్దుతాను. పిచ్చుకకి ఇంతకంటే మంచి ఉద్యోగం చూస్తానని మాటిస్తున్నాను. అది చిన్నది, ముందు చాలా కాలం ఉంది.

ఈ ఉత్తరం చదివి చించెయ్. నా ఉత్తరాలన్నీ ఫైల్లో పెట్టుకుంటావని తెలుసు. దీన్ని పెట్టకు.

తమ్ముడు


ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర
సోమవారం ఉదయం

తమ్ముడికి,

నీ ఉత్తరం చించలేదు. ఫైల్లోనూ పెట్టలేదు.

నిన్న సాయంత్రం చిన్నక్కని, మీ చిన్న బావని రమ్మన్నాను. పిచ్చుకని కూర్చోబెట్టాను. నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. తెలిసి కూర్చోలేదు. ముందు నా తప్పు చెప్పాను, రెండు నెలలు మాట దాచానని. తర్వాత నీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాను. ఒక్క ముక్క వదల్లేదు. చించెయ్ అన్నది కూడా చదివాను.

చదవడం అయ్యాక ఉత్తరం బల్ల మధ్యలో పెట్టాను.

మీ చిన్న బావ ముందుగా అన్నాడు. "వదినా, దీన్ని ఫోటో తీసి కంపెనీకి పంపిద్దాం. అయిదు నిమిషాల పని."

చిన్నక్క అంది, "హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు వాడి చొక్కాలకి గుండీలు కుట్టింది నేను. నా కూతురికి ఆరోగ్యం బాగాలేదని రాశాడా వాడు?" ఏడవలేదు. ఏడుస్తుందనుకున్నాను.

"పంపిద్దామా వద్దా?" అని మీ బావ మళ్ళీ అడిగాడు.

"ఆగండి నాన్నా" అంది పిచ్చుక. "పెద్దమ్మా, అక్షరాల సంగతి ఇంకోసారి చదువు."

చదివాను.

"ఇంకోసారి."

మళ్ళీ చదివాను. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని చూసుకుంది. "అయితే ఇవి నా మాటే విన్నాయన్నమాట" అంది. తర్వాత నవ్వింది. "ఆ లైను వాడేటప్పుడు షరతు కింది వరసలో రాస్తాను పెద్దమ్మా. చివర్లో కాదు. మామయ్య నా లైను సగమే తెచ్చుకున్నాడు. నన్ను పిలిచి ఉంటే చెప్పేదాన్ని."

ఆ నవ్వులో కోపం ఉందేమోనని చూశాను. ఉంది. ఉండాలి కూడా.

"నీకు మామయ్య మీద జాలేస్తోందా?" అని వాళ్ళమ్మ అడిగింది. "వేస్తోంది. కానీ ఉద్యోగం వదిలేంత కాదు" అంది.

వాళ్ళని బస్సు ఎక్కించడానికి కిందికి వెళ్తూ పిచ్చుక తాళం వేసింది. నేను లోపలే ఉన్నాను, ఆ సంగతి మర్చిపోయి వేసింది. మెట్లు దిగిన చప్పుడు విన్నాను. మళ్ళీ ఎక్కిన చప్పుడు కోసం చూశాను. రాలేదు. వాళ్ళు బస్సెక్కి, అది తిరిగొచ్చేదాకా ఇంట్లోనే బందీగా కూర్చున్నాను. ఇంత మంచి ప్రార్థన ఈ మధ్య చేయలేదు.

వాళ్ళు వెళ్ళకముందే అనుకున్నవి రాస్తున్నాను.

పిచ్చుక రాజీనామా ఇవ్వదు. నీ స్నేహితుడి కంపెనీ వద్దంది. గురువారం పొద్దున గడువు మీటింగుకి వెళ్తుంది. ఆ గదిలో నువ్వూ ఉంటావట. ఏం నేర్చుకున్నావని వాళ్ళు అడుగుతారు. "లాప్‌టాప్ తెరిచి వదిలేసి మేడ మీదికి వెళ్ళాను, అది నా తప్పు. ఆ లైను నేను కొట్టలేదు" అని చెప్తుంది. కొట్టానేమో అని ఇంతకుముందు అన్న మాట వెనక్కి తీసుకుంటుంది. చుట్టరికం సంగతి కూడా తనే చెప్తుంది. దానికి ఉద్యోగం పోయినా సరే, పోతే దానికే పోవాలి గానీ చేయని పనికి పోకూడదంది. మరి ఎవరు కొట్టారని అడిగితే ఇంకేమీ చెప్పదు. నీ వైపు కూడా చూడనంది.

కంపెనీకి ఏదీ పంపకూడదన్నాం. మీ చిన్న బావ ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది.

నీ ఉత్తరం ఈ కవర్లోనే పెట్టాను. ఎవరూ ఫోటో తీయలేదు, నకలు రాసుకోలేదు. ఇది ఇప్పుడు నీ దగ్గర తప్ప ఎక్కడా లేదు.

నువ్వు రాసిన పదకొండు పేజీలకు పన్నెండో పేజీ ఒకటి కావాలని, అందులో ఒక పేరుండాలని, అది నీ రెండు వేళ్ళతో నువ్వే కొట్టాలని, మేమెవరం నీ చేత కొట్టించకూడదని నిన్న సాయంత్రం అందరం అనుకున్నాం.

అక్క